ఆ ఏడాది ఏం జరిగిందో ఏ గడిలో రాయాలి?



ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి జూలై దాకా మన ఊళ్లలో నెట్ సెంటర్ల ముందు, మీసేవ కేంద్రాల ముందు ఒకటే రద్దీ. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మెమోలు, ఆధార్, కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, నాలుగు ఫొటోలు. లోపల కుర్రాడు టకటకా కొడుతూ పోతుంటాడు. హాల్ టికెట్ నంబరు కొట్టగానే మార్కులు వాటంతటవే తెర మీదికి వచ్చేస్తాయి. కులానికి గడి ఉంటుంది. ఆదాయానికి గడి ఉంటుంది. ఎన్‌సీసీకి, ఆటలకు, సైనికుల పిల్లలకు, దివ్యాంగులకు గడులు ఉంటాయి. ఇంటర్ రెండో ఏడు సంక్రాంతికి ముందు తండ్రి మంచాన పడ్డాడు, ఆ పిల్ల రెండు నెలలు కాలేజీ మొహం చూడలేదు అని చెప్పుకోవడానికి మాత్రం ఎక్కడా గడి ఉండదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ లేని గడి గురించి. మార్కులు తగ్గాయి, తగ్గడానికి కారణం ఉంది, అయినా పైచదువుకు వెళ్లాలని ఉంది. అలాంటి పిల్లలకు ఏ దారులు ఉన్నాయి, ఎక్కడ నోరు విప్పాలి, విప్పితే ఎలా చెప్పాలి? నేను చాలాకాలం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. మార్కులు బాగా వచ్చిన పిల్లల ఫొటోలు ఎలాగూ టీవీల్లో, గోడల మీద, ఆటోల వెనకాల కనిపిస్తూనే ఉంటాయి. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ర్యాంకులు గుక్కతిప్పుకోకుండా చదివే ఆ ప్రకటన ఈ పదిహేను నిమిషాల్లో మీకు వినిపించదు, అంతవరకు మీరూ నేనూ నిశ్చింతగా ఉండొచ్చు.

ముందుగా ఒక చిన్న సంగతి. మెమో మీద పడిన అంకె దైవవాక్కేమీ కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి మెమోలో సున్నా వేశారు. ఆ ఫలితాల తర్వాత చాలామంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్లందరి జవాబు పత్రాలను మళ్లీ పరిశీలించారు. కాబట్టి మీరు రాసినదానికీ వచ్చినదానికీ పొంతన లేదనిపిస్తే రీకౌంటింగుకో, రీవెరిఫికేషనుకో డబ్బు కట్టండి. రీవెరిఫికేషన్‌లో మీ జవాబు పత్రం స్కాన్ కాపీ కూడా ఇస్తారు. గడువు ఎక్కువ రోజులు ఉండదు. ఇంట్లో ఏడుపులు, తిట్లు అయ్యేలోపు అది కాస్తా దాటిపోతుంది.

ఇక దారుల విషయం. మన దగ్గర అడ్మిషన్లన్నీ ఒకే తరాజు మీద తూగవు. కొన్ని చోట్ల ఇంటర్ మార్కులే సర్వస్వం, కొన్ని చోట్ల పాసైతే చాలు, మరికొన్ని చోట్ల సగం సగం. మార్కులు తక్కువ వచ్చిన పిల్ల చేయాల్సిన మొదటి పని తన మార్కులు ఎక్కడ తన కాళ్లకు అడ్డం పడతాయో, ఎక్కడ పడవో తెలుసుకోవడం. ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. చుట్టుపక్కల వాళ్లంతా "ఇంక నీకు ఏ సీటొస్తుంది" అనడానికే ఉంటారు.

ఇంజనీరింగ్ సంగతే చూడండి. తెలంగాణ ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, ఇంటర్ మార్కుల వెయిటేజిని 2023లో తీసేశారు. ర్యాంకు పూర్తిగా ప్రవేశపరీక్ష మీదే. అర్హతకు మాత్రం గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం పద్ధతి వేరు. అక్కడ ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం, ప్రవేశపరీక్షకు 75 శాతం అనే లెక్క నడుస్తూ వచ్చింది. ఈ 25 శాతం ఎంత బరువో కాగితం మీద వేసి చూద్దాం. గ్రూపు సబ్జెక్టుల్లో 600కి 600 తెచ్చుకున్న పిల్లవాడికి 25 వస్తాయి. 360 తెచ్చుకున్నవాడికి 15. పది తేడా. ఆ పదిని 160 మార్కుల ప్రవేశపరీక్షలో పూడ్చుకోవాలంటే దాదాపు 21 మార్కులు ఎక్కువ తెచ్చుకోవాలి. కష్టమే, కాదనను. కాని ఇరవై ఒక్క ప్రశ్నలు అనుకున్నప్పుడు అదొక పని అవుతుంది, కూర్చుని చేయగలిగిన పని. "నా ఇంటర్ పోయింది" అనుకుంటే అది కొండంత భయంగానే ఉండిపోతుంది. పిల్లలకు ఈ లెక్క వేసి చూపించడం మా వృత్తిలో నాకు ఇష్టమైన పనుల్లో ఒకటి.

వైద్యవిద్యకు నీట్ ర్యాంకే ఆధారం. ఇంటర్ సైన్సు సబ్జెక్టుల్లో 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉంటే సరిపోతుంది. అందుకే లాంగ్ టర్మ్ కోచింగులు అంతగా పెరిగాయి. ఐఐటీ, ఎన్ఐటీల వాళ్లు మాత్రం జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం అడుగుతారు, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 65. లేకపోతే మీ బోర్డులో పాసైనవాళ్లలో మొదటి 20 శాతంలో ఉండాలి. ఈ రెండో సదుపాయం మార్కులు పిసినారితనంగా వేసే బోర్డుల పిల్లల కోసం పెట్టారు. మన బోర్డుల్లో మార్కులకు కరువు లేదు కనక మన పిల్లలకు అది పెద్దగా అక్కరకు రాదు. 75కు రెండు మూడు శాతం తగ్గినవాళ్లు సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవడమే మేలు. అయితే అలా పెరిగిన మార్కులను ఏ పద్ధతిలో లెక్కలోకి తీసుకుంటారో ఆ ఏడాది నోటిఫికేషన్ చదివే తీరాలి, కోచింగ్ సెంటర్ వాళ్ల మాట మీద పోవద్దు.

చాలామంది పల్లెటూరి పిల్లల చెవిన పడని తలుపు ఇంకొకటి ఉంది, సీయూఈటీ. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ స్థాయి ప్రవేశాలు ఈ పరీక్షతోనే జరుగుతున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని గిరిజన విశ్వవిద్యాలయం, ములుగులో కొత్తగా వచ్చిన సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం, వీటన్నిటికీ ఇదే. ఇంటర్‌లో కనీసార్హత ఉంటే చాలు, ఆపైన మీ ఇంటర్ మార్కుల జోలికి ఎవరూ పోరు. ఫీజులు తక్కువ, హాస్టల్ ఉంటుంది. ఒకటే చిక్కు. దీనికి దరఖాస్తు గడువు సాధారణంగా ఇంటర్ ఫలితాలు రాకముందే ముగుస్తుంది. ఫలితాలు చూసుకుని బయల్దేరేవాళ్లకు అప్పటికే తలుపు మూసి ఉంటుంది. ఇంట్లో పరిస్థితి బాగాలేదు, మార్కులు తగ్గేటట్టున్నాయి అని జనవరిలోనే అనుమానం తగిలితే నోటిఫికేషన్ రాగానే ఈ దరఖాస్తు పెట్టేయాలి.

మామూలు డిగ్రీకి తెలంగాణలో దోస్త్, ఆంధ్రాలో ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల పద్ధతి ఉన్నాయి. రెండూ ఇంటర్ మార్కుల వరుసలోనే సీట్లు ఇస్తాయి. పేరున్న నగర కాలేజీలో కోరుకున్న కోర్సు దొరకదేమోగాని, అసలు సీటే దొరకదన్న మాట అబద్ధం. ఏటా ఎన్నో కాలేజీల్లో సీట్లు మిగిలిపోతూనే ఉంటాయి. సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లకు కూడా తర్వాతి విడతల్లో అవకాశం ఉంటుంది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు రెండో మూడో పెట్టి ఊరుకోకండి. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకు అయి ఉందో లేదో ముందే చూసుకోండి. తండ్రి పాత నంబరు లింకై ఉండి, ఆ ఓటీపీ రాక, విడత గడువు దాటిపోయిన పిల్లలను చాలామందిని చూశాను. మార్కులు తక్కువై సీటు పోవడం ఒక ఎత్తు, ఓటీపీ రాక పోవడం ఇంకో ఎత్తు.

ఇంతవరకు చెప్పినవన్నీ మార్కులను పక్కకు జరిపి పోయే దారులు. పరిస్థితులను కూడా మార్కులతో పాటు లెక్కలోకి తీసుకున్న దారి మన దగ్గర ఒక్కటైనా ఉందా అని అడిగితే, ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన ట్రిపుల్ ఐటీలు, అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. దానికి తొలి కులపతి రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన పనికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. ప్రవేశపరీక్ష లేకుండా, పదో తరగతి ఫలితాలతోనే పల్లెటూరి పిల్లలను ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువులోకి తీసుకోవడం ఆ సంస్థ పద్ధతి. పదో తరగతిలో జీపీఏ ఉన్న రోజుల్లో, హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో, జిల్లా పరిషత్ బడిలో, మున్సిపల్ బడిలో చదివిన పిల్లల జీపీఏకి 0.4 కలిపేవారు. దాన్ని డిప్రివేషన్ స్కోరు అనేవాళ్లు. అంటే 9.4 వచ్చిన జిల్లా పరిషత్ బడి పిల్లను 9.8 వచ్చిన ప్రైవేటు బడి పిల్లతో సమానంగా చూశారన్నమాట.

దీని మీద అప్పట్లో బోలెడు గొణుగుడు. కష్టపడి తెచ్చుకున్న పాయింటు విలువ ఏమైనట్టు అని ఒక వాదన. నా లెక్కలో ఆ 0.4 ఎవరి మీదా దయ చూపించడం కాదు. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్న బడిలో, పత్తి తీసే రోజుల్లో సగం తరగతి పొలంలో ఉండే ఊళ్లో తెచ్చుకున్న 9.4 వెనక ఎంత సత్తా ఉందో కొలిచే ప్రయత్నం అది. ఆ కొలత సరిగ్గా 0.4 దగ్గరే ఎందుకు ఆగాలి అంటే వాదించుకోవచ్చు. కొలవడమే తప్పు అంటే నేను ఒప్పుకోను. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1997లో చేసిన చట్టం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. ఏ బడి అయినా సరే, ఆ బడిలో మొదటి పది శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సీటు ఖాయం అన్నారు. పిల్లను పక్క బెంచీ పిల్లతో పోల్చాలి గాని, రెండొందల మైళ్ల అవతల ఏసీ గదిలో చదివిన పిల్లతో కాదు అని.

మనకు ఇంతకంటే పాత ఘనత ఇంకొకటి ఉంది, చాలామంది మరిచిపోయారు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గర పుట్టింది, 1982లో, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రామిరెడ్డి గారు, తర్వాత ఇగ్నోకు కూడా ఆయనే మొదటి వైస్ చాన్సలర్. పదో తరగతి సర్టిఫికెట్టు కూడా లేని మనిషి పద్దెనిమిదేళ్లు నిండితే ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చు అని ఆ విశ్వవిద్యాలయం తన తొలినాళ్లలో దారి తెరిచింది. ఆర్టీసీ కండక్టర్లు, పోలీసు కానిస్టేబుళ్లు, పెళ్లై పదేళ్లైన ఆడవాళ్లు ఆదివారాలు పుస్తకాలు పట్టుకుని స్టడీ సెంటర్లకు వెళ్లడం నా తరం వాళ్లం చూశాం. నువ్వు ఎందుకు చదవలేకపోయావు అని వాళ్లను అక్కడ ఎవరూ అడగలేదు.

అయితే ఈ పద్ధతులన్నిటికీ ఒక హద్దు ఉంది. రిజర్వేషన్ గాని, 0.4 గాని, ఆదాయం సర్టిఫికెట్టు గాని గుంపుగా ఉన్న వెనకబాటును గుర్తిస్తాయి. అది అవసరం, అది లేకపోతే ఇవాళ ఎన్నో ఇళ్లలో పట్టభద్రులే ఉండరు. కాని ఒక్క ఇంట్లో, ఒక్క ఏడాదిలో, ఒక్క పిల్ల మీద పడిన పిడుగును పట్టుకునే సాధనం మన దరఖాస్తుల్లో దాదాపు లేదు. అనాథ పిల్లల విషయంలో కొంత ఉంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసేవాళ్లు లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమాల్లో పెరిగిన పిల్లలు బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఈ మాట ఆ పిల్లలకే తెలియదు, ఆశ్రమం నడిపేవాళ్లలో కూడా అందరికీ తెలియదు. వింటున్నవాళ్లలో అలాంటి పిల్లలకు దగ్గరి వాళ్లుంటే ఎమ్మార్వో ఆఫీసులో అడగండి.

బ్రిటన్‌లో ఈ పనిని ఎలా చేస్తున్నారో చూస్తే మనకు పనికొచ్చే సంగతులు దొరుకుతాయి. అక్కడ డిగ్రీ చదువుకు దేశమంతటికీ కలిపి ఒకే దరఖాస్తు, యూకాస్ అని. విద్యార్థి తన గురించి తాను రాసుకునే భాగం ఒకటి. దాంతోపాటు బడి నుంచి ఒక ఉపాధ్యాయుడు పంపే నివేదిక ఉంటుంది. 2024 ప్రవేశాల నుంచి ఆ నివేదికను మూడు భాగాలు చేశారు. రెండో భాగం పూర్తిగా దీనికోసమే: ఈ పిల్ల చదువును దెబ్బతీసిన ప్రత్యేక పరిస్థితులు ఏమైనా ఉన్నాయా? అంటే ఆ గడి అక్కడ ఉంది. ఆ గడిని నింపాల్సింది కూడా పిల్ల కాదు, ఆమెను ఎరిగిన టీచరు. ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు. తన కష్టాన్ని తానే అమ్ముకుంటున్నట్టు రాయాల్సిన అవస్థ పిల్లకు తప్పుతుంది, చదివేవాళ్లకూ నమ్మకం కుదురుతుంది.

ఆ పైన చాలా విశ్వవిద్యాలయాలు వెనకబడిన ప్రాంతాల పిల్లలకు, సర్కారు సంరక్షణలో పెరిగిన పిల్లలకు మామూలు కంటే ఒకటి రెండు గ్రేడులు తగ్గించి సీటు ఇస్తాయి. 2030 నాటికి విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరేవాళ్లలో అయిదో వంతు దేశంలోని అత్యంత పేద అయిదో వంతు ప్రాంతాల నుంచి రావాలని స్కాట్లండ్ లక్ష్యం పెట్టుకుంది. అక్కడ అంతా బాగుందని నేను అనను. పేద వీధిలో ఉన్న ధనవంతుల ఇంటికి లాభం, మంచి వీధిలో అద్దెకుండే పేద ఇంటికి నష్టం అన్న విమర్శ ఉంది, అది నిజమే. అయినా అడగడం అంటూ మొదలుపెట్టారు.

మన పిల్లలకు ఇది దూరపు కబురేం కాదు. హైదరాబాద్ అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్లోనో కన్సల్టెన్సీ మెట్లెక్కే పిల్లలందరూ విదేశాల్లో ఎమ్మెస్‌కు ఇలాంటి దరఖాస్తులే పెడుతున్నారు. బీటెక్‌లో పది బ్యాక్‌లాగ్‌లు ఉన్న కుర్రాడు ఎస్‌ఓపీ, అంటే తన గురించి తాను రాసుకునే వివరణ, రాయాలి. అతనేం చేస్తాడు? కన్సల్టెన్సీ వాళ్లు ముందు బ్యాచ్‌కు రాసిందే పేరు మార్చి ఇస్తారు. "చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఎనలేని ఆసక్తి" అని మొదలవుతుంది. పది బ్యాక్‌లాగ్‌ల మాట ఎక్కడా ఉండదు. చదివేవాడి ముందు మార్కుల పట్టిక ఉంది, అందులో మూడో సెమిస్టరు, నాలుగో సెమిస్టరు ఎర్రగా కనబడుతున్నాయి. అతని మనసులో ఉన్న ఒకే ఒక ప్రశ్నకు ఆ రెండు పేజీల్లో జవాబు లేదు.

కాబట్టి ఎలా రాయాలో కాస్త వివరంగా చెబుతాను. బైపీసీ చదివిన ఒక అమ్మాయి ఉందనుకోండి. మొదటి ఏడాది 440కి 380. రెండో ఏడాది 560కి 318. ఆమె మొదట ఇలా రాసుకొచ్చింది అనుకుందాం: "మాది నిరుపేద కుటుంబం. నా జీవితం కష్టాల కడలి. విధి నా మీద పగబట్టింది. ఎన్నో ఆటంకాలను ఎదుర్కొని పట్టుదలతో చదివాను. దయచేసి నాకు ఒక్క అవకాశం ఇవ్వగలరని ప్రార్థన."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాని చదివినవాడికి తెలిసిందీ ఒక్కటీ లేదు. ఇదే ఉత్తరం వందమంది రాయగలరు, ఏ కష్టమూ లేనివాడు కూడా రాయగలడు. ఇప్పుడు రెండోది వినండి.

"ఇంటర్ రెండో ఏడాది డిసెంబరులో మా నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆరు వారాలు ఆస్పత్రిలో ఉన్నారు. అమ్మ ఆయన దగ్గరే ఉండాల్సి రావడంతో మా కిరాణా కొట్టు, తమ్ముడి బడి, ఇంటి పని నేను చూసుకున్నాను. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వారానికి రెండు రోజులకు మించి కాలేజీకి వెళ్లలేకపోయాను. మొదటి ఏడాది నా మార్కులు 440కి 380, రెండో ఏడాది 560కి 318. ఇప్పుడు నాన్న కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కొట్టు మా చిన్నాన్న చూస్తున్నారు. భౌతిక, రసాయన శాస్త్రాలకు ఇంప్రూవ్‌మెంట్ కట్టాను. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, మా లెక్చరర్ ఉత్తరం జతచేశాను."

ఒక్క విశేషణం లేదు చూశారా? పేదరికం అన్న మాట కూడా లేదు. చదివేవాడికి తారీఖులు దొరికాయి. కష్టానికీ మార్కులకూ మధ్య ముడి దొరికింది. అంతకుముందు ఆమె ఎలా చదివేదో తెలిసింది. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు ఆ పరిస్థితి ఎలా ఉందో తెలిసింది. సీటు ఇచ్చేవాడికి జాలి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఈ పిల్ల మా దగ్గర చేరితే చివరిదాకా చదవగలదా అన్న అనుమానం మాత్రం కచ్చితంగా ఉంటుంది. "చిన్నాన్న కొట్టు చూస్తున్నారు" అన్న మూడు ముక్కలు ఆ అనుమానాన్ని తీరుస్తాయి. పది వాక్యాలు చాలు. దరఖాస్తులో మిగతా చోటంతా మీకు ఏ చదువు కావాలి, ఎందుకు కావాలి అన్నదానికి ఉంచండి. మొత్తం కాగితం కష్టంతో నింపేస్తే చదివేవాడికి కష్టమే గుర్తుంటుంది, మీరు గుర్తుండరు.

అన్నీ చెప్పుకోలేని ఇళ్లు ఉంటాయి. తండ్రి తాగుడు, ఇంట్లో కొట్లాట, పిల్లకే వచ్చిన మనోవ్యాధి, ఇంకా నోటితో అనలేనివి. అలాంటివి ఊళ్లో తెలిస్తే రేపు సంబంధాలు రావని తల్లి భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. చెప్పుకోవాల్సిన బాధ్యత మీకు లేదు. కాలేజీలో నమ్మకమైన లెక్చరర్ ఎవరైనా ఉంటే, "ఈ విద్యార్థిని కుటుంబ కారణాల వల్ల ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా చదువుకు దూరమైంది, ఆ కారణాలు నాకు స్వయంగా తెలుసు" అని రాసిస్తే చాలు. వివరాలు రాయనక్కర్లేదు. మనసు మరీ కుంగిపోతుంటే టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత సేవ ఉంది, 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఉత్తరం దోస్త్‌లో ఎక్కడ పెట్టాలండీ అని మీరు అడగొచ్చు. ఎక్కడా పెట్టలేరు. కంప్యూటరు ఉత్తరాలు చదవదు. కాని ఇంటర్వ్యూ చేసి తీసుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం అలాంటిదే, కుటుంబ ఆదాయాన్ని బట్టి అక్కడ స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. స్కాలర్‌షిప్పులిచ్చే ట్రస్టులు ఉన్నాయి, వాళ్లు ఉత్తరాలు చదువుతారు. రేపు ఇంజనీరింగ్‌లో చేరాక హాజరు 75 శాతానికి తగ్గి 65కు పైన ఉంటే, కాలేజీ కమిటీ ముందు కారణం, రుజువు చూపించి కండోనేషన్ అడగాల్సి వస్తుంది. ఆ రోజు ఈ అలవాటు పనికొస్తుంది. అందుకే ఆస్పత్రి కాగితాలు, మందుల చీటీలు, మరణ ధ్రువపత్రం, అప్పు నోటు, ఏదైనా సరే పారేయకండి. ఏడాది చదువు ఆగితే గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతారు, నోటరీ అఫిడవిట్ అది, దానికి కంగారు పడాల్సింది ఏమీ లేదు.

గ్యాప్ మాట వచ్చింది కనక ఒక సంగతి నిర్మొహమాటంగా చెబుతాను. "ఈ ఏడు ఆగి వచ్చే ఏడు చేరమ్మా" అన్న సలహా మగపిల్లవాడికి ఒక రకంగా, ఆడపిల్లకు ఇంకో రకంగా పనిచేస్తుంది. ఆగిన ఏడాదిలో ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలవుతుంది. చాలా ఇళ్లలో ఇది జరుగుతుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి కోరుకున్న సీటు రాకపోతే అమ్మాయిలు దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనో, గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలోనో, అదీ కాకపోతే ఓపెన్ యూనివర్సిటీలోనో పేరు రాయించుకునే ఉండండి అంటాను. ఇంటరే ఆగిపోయినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఇంటర్ ఉంది. డిగ్రీ పూర్తయ్యాక పీజీకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రాలో పీజీసెట్ రాస్తారు. అక్కడ ర్యాంకు ఇచ్చేది ప్రవేశపరీక్షే. మూడేళ్ల కిందటి ఆ 318ని అక్కడ ఎవరూ తిరగేసి చూడరు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వల్ల కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడం మన దగ్గర మామూలైపోయింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ సంస్థా తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చింది. చేరేటప్పుడు చూపించి వెనక్కి తెచ్చుకోండి. తిరిగి ఇవ్వం అంటే రాతపూర్వకంగా అడగండి. సీటు వదులుకుని వేరే చోటికి వెళ్లాలనుకున్న పిల్లకు ఆ కాగితాలే కాళ్లు.

చివరిగా జూనియర్ కాలేజీల్లో పనిచేస్తున్న లెక్చరర్లకు, ప్రిన్సిపాళ్లకు ఒక మనవి. మన దరఖాస్తుల్లో ఒక్క గడి కలపడం ఉన్నత విద్యా మండలికి పెద్ద పనేం కాదు. విడతలన్నీ అయ్యాక మిగిలిపోయే సీట్లలో కొన్నింటిని లెక్చరర్ నివేదిక చూసి ఇస్తే ఎవరి సీటూ పోదు. అది వచ్చేదాకా, మీ తరగతిలో డిసెంబరు నుంచి కనిపించకుండా పోయిన పిల్ల ఎవరో హాజరు పట్టీలో ఇప్పుడే చూడండి. ఆ ఇంటికి ఫోన్ చేయండి. కారణం తెలిస్తే తారీఖు వేసి, కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి, సంతకం, ముద్ర వేసి రెండు కాపీలు ఆ పిల్లకు ఇవ్వండి, ఒకటి ఫైల్లో ఉంచండి. బదిలీల కాలం వస్తోంది. మీరు వెళ్లిపోయాక ఆ కుర్చీలోకి వచ్చేవాళ్లకు ఆ పిల్ల ఎవరో తెలియదు.